డ్రెయిన్‌లో పోతున్న కండెన్సేట్‌ను బాయిలర్‌కు మళ్లించడం ఎలా?

మీ ఫ్యాక్టరీ వెనకవైపు కాలవలోకి పొగలు కక్కుతూ కండెన్సేట్ (వేడి ఇచ్చేసి నీరుగా మారిన స్టీమ్) పోతుంటే దాని ఖరీదు ఒకసారి లెక్క కట్టండి. గేజ్ మీద 7 కేజీల ప్రెషర్ ఉన్నప్పుడు ఒక కేజీ స్టీమ్‌లో సుమారు 660 కిలోకేలరీల వేడి ఉంటుంది. జాకెట్‌లోనో (రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగు) డ్రయ్యర్ కాయిల్‌లోనో అది నీరుగా మారుతూ ఇచ్చేది 490 మాత్రమే. మిగిలిన 170, అంటే నాలుగో వంతు, కండెన్సేట్‌లోనే ఉండిపోతుంది. ఆ నీరు ఒకసారి ఆవిరై మళ్లీ నీరైంది కాబట్టి దాదాపు డిస్టిల్డ్ వాటరే. దాన్ని గంగపాలు చేసి, బదులుగా బోరు నీళ్లు తోడి, ఉప్పు ఖర్చుపెట్టి సాఫ్ట్ చేసి, 30 డిగ్రీల నుంచి మళ్లీ కాచుకుంటున్నాం.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంట్లను దృష్టిలో పెట్టుకుని. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి చోట్ల 2 నుంచి 5 టన్నుల బాయిలర్ నడుపుతున్నవారికి నేరుగా పనికొస్తుంది. మిగతా పరిశ్రమలకూ లెక్కలు ఇవే. తేడా అంతా కండెన్సేట్‌లో ఏం కలిసే ప్రమాదం ఉందన్న దగ్గరే వస్తుంది. పైపు వేసి నీళ్లు వెనక్కి తేవడం ఏ మంచి ఫిట్టరైనా చేసేస్తాడు. ఏ నీళ్లు వెనక్కి రాకూడదో తేల్చడమే కష్టమైన భాగం, అందుకే దానికే ఎక్కువ చోటిచ్చాను.

ముందు లెక్క తేల్చుకోండి

స్టీమ్ ఎక్కడెక్కడ వాడుతున్నారో ఒక కాగితం మీద రాయండి. గోడకు అవతల వేడి ఇచ్చి నీరుగా మారే చోట్లన్నీ ఒక వైపు: రియాక్టర్ జాకెట్లు, ట్రే డ్రయ్యర్లు, ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యర్ల కాయిళ్లు, రీబాయిలర్లు, హాట్ వాటర్ తయారుచేసే ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్లు, స్టీమ్ లైన్ల డ్రిప్ ట్రాప్‌లు (ట్రాప్ అంటే స్టీమ్‌ను ఆపి నీళ్లను మాత్రమే వదిలే వాల్వ్). స్టీమ్ నేరుగా సరుకులోకో నీళ్లలోకో వెళ్లే చోట్లు రెండో వైపు: ఎజెక్టర్లు, స్ట్రిప్పర్లు, లైవ్ స్టీమ్ పైపులు. రెండో వైపు నుంచి మీకు చుక్క కూడా తిరిగి రాదు. బాయిల్డ్ రైస్ మిల్లులో కూడా ధాన్యం ఉడకబెట్టే స్టీమ్ పోయినట్టే లెక్క. డ్రయ్యర్ రేడియేటర్ల నుంచి వచ్చేదే చేతికి దక్కుతుంది.

ఒక్కో యంత్రం నుంచి ఎంత వస్తుందో కొలవడానికి మీటరు అక్కర్లేదు. 200 లీటర్ల ఇనుప డ్రమ్ములో సగం వరకు చల్లటి నీళ్లు పోసి తూకం వేయండి. ట్రాప్ తర్వాత ఉన్న పైపుకు స్టీమ్ హోస్ బిగించి, దాని కొన నీళ్లలో మునిగేలా డ్రమ్ముకు గట్టిగా కట్టండి. 5 నిమిషాలు వదిలి మళ్లీ తూయండి. పెరిగిన బరువును 12తో గుణిస్తే గంటకు ఎన్ని కేజీలో తెలుస్తుంది. చల్లటి నీళ్లు ఎందుకంటే, ట్రాప్ దాటాక పుట్టే ఆవిరి కూడా అందులోనే కరిగి లెక్కలోకి రావాలి. హోస్ విదిలిస్తే ఒళ్లు కాలుతుంది. ఫేస్ షీల్డ్, పొడుగు గ్లోవ్స్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ట్రాప్ పాడై స్టీమ్ వదిలేస్తుంటే ఆ బరువు కూడా కలిసిపోయి అంకె ఎక్కువ చూపిస్తుంది, అలాంటి ట్రాప్ మార్చాకే కొలవండి.

ఇప్పుడు డబ్బు లెక్క. గంటకు 2,000 కేజీల కండెన్సేట్ 90 డిగ్రీల దగ్గర ఫీడ్ ట్యాంకుకు (బాయిలర్‌కు నీళ్లిచ్చే ట్యాంకు) చేరిందనుకోండి. 30 డిగ్రీల మేకప్ నీళ్లతో (కొత్తగా కలిపే నీళ్లు) పోలిస్తే గంటకు 1,20,000 కిలోకేలరీలు మిగిలాయి. బాయిలర్ ఎఫిషియెన్సీ 75 శాతం అనుకుంటే ఇంధనం వైపు అది 1,60,000 అవుతుంది. కేజీకి 4,000 కిలోకేలరీలిచ్చే బొగ్గయితే గంటకు 40 కేజీలు, రోజుకు 20 గంటలు నడిపితే 800 కేజీలు. మీ దగ్గర టన్ను ధర ఎంతో మీకు తెలుసు, గుణించుకోండి. నోటి లెక్క కావాలంటే, ఫీడ్ వాటర్ 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఇంధనం ఒక శాతం తగ్గుతుంది.

బ్లోడౌన్‌లో (లవణాలు పేరుకోకుండా బాయిలర్ నుంచి వదిలే నీళ్లు) మిగిలేది చాలామంది లెక్కలోకే తీసుకోరు. సాఫ్ట్‌నర్ గట్టిదనాన్ని (కాల్షియం, మెగ్నీషియం) తీసేస్తుంది గానీ టీడీఎస్‌ను, అంటే నీళ్లలో కరిగిన మొత్తం లవణాలను, తగ్గించదు. మీ బోరు నీళ్లు 800 పీపీఎం ఉండి, బాయిలర్‌లో హద్దు 3,500 అయితే, స్టీమ్‌లో దాదాపు 30 శాతానికి సమానమైన వేడి నీళ్లను బ్లోడౌన్‌గా పారబోయాలి. ఫీడ్‌లో 70 శాతం కండెన్సేట్ కలిస్తే ఫీడ్ టీడీఎస్ 250 లోపుకు దిగి, బ్లోడౌన్ ఏడున్నర శాతానికి వస్తుంది. ఎఫ్లుయెంట్ (వ్యర్థజలం) చుక్క కూడా బయటికి పోకూడదన్న షరతు మీద నడిచే ప్లాంటుకు ఇది రెండు రకాలుగా లాభం, ఎందుకంటే ఆ బ్లోడౌన్‌నూ మీరే ఎవాపరేటర్‌లో ఇంకించుకోవాలి కదా.

ఏ నీళ్లు రాకూడదు

బల్క్ డ్రగ్ ప్లాంటులో ఒకే జాకెట్‌లోకి పొద్దున స్టీమ్, మధ్యాహ్నం కూలింగ్ వాటర్, సాయంత్రం బ్రైన్ (బాగా చల్లబరచడానికి వాడే ఉప్పు ద్రావణం) వెళ్తాయి. వాల్వ్ మార్చేటప్పుడు జాకెట్ అడుగున మిగిలిన బ్రైన్ తర్వాత వచ్చే కండెన్సేట్‌తో పాటే కొట్టుకొస్తుంది. అది కాల్షియం క్లోరైడ్ బ్రైన్ అయితే గట్టిదనమూ క్లోరైడూ రెండూ కలిసి బాయిలర్‌లోకి పోతాయి. ట్యూబుల మీద స్కేల్ కడుతుంది, మొదటికే మోసం వస్తుంది. ఇంధనంలో మిగిల్చిందంతా ట్యూబుల ఖర్చు కిందే పోతుంది.

అందుకని బ్రైన్ వాడే జాకెట్ల కండెన్సేట్‌ను మొదటి దశలో అసలు ముట్టుకోకండి. నా లెక్కలో ఇది బేరానికి లేని షరతు. ముందు డ్రయ్యర్లు, హాట్ వాటర్ ఎక్స్‌ఛేంజర్లు, రీబాయిలర్లు, డ్రిప్ ట్రాప్‌లు. సాధారణంగా వీటితోనే మంచి వాటా వచ్చేస్తుంది. జాకెట్లను కూడా కలపాలనుకుంటే మెరుగైన దారి ఇంకొకటుంది. జాకెట్‌లోకి స్టీమ్ పంపడం మానేసి, ఒక ప్లేట్ ఎక్స్‌ఛేంజర్‌లో స్టీమ్‌తో హాట్ వాటర్ చేసి ఆ నీళ్లను జాకెట్‌లో తిప్పండి. స్టీమ్ ఆ ఒక్క ఎక్స్‌ఛేంజర్‌లోనే నీరవుతుంది, కండెన్సేట్ శుభ్రంగా వస్తుంది, గ్లాస్ లైన్డ్ రియాక్టర్లకు వేడి చల్లదనాల దెబ్బ కూడా తగ్గుతుంది. 90 డిగ్రీల లోపు పనులకు ఇది హాయిగా సరిపోతుంది.

కూలింగ్ వాటర్ మాత్రమే పంచుకునే జాకెట్లయితే జాగ్రత్తగా కలపొచ్చు. నీళ్లను ఎయిర్‌తో పూర్తిగా బయటికి ఊదేయాలి. స్టీమ్ తెరిచాక మొదటి 10 నిమిషాల కండెన్సేట్‌ను డ్రెయిన్‌కే వదలాలి. కండక్టివిటీ (కరిగిన లవణాలను పట్టిచ్చే విద్యుత్ వాహకత) దిగిందని చూశాకే రిటర్న్ లైన్ వాల్వ్ తిప్పాలి. షిఫ్టు ఆపరేటర్ గుర్తుపెట్టుకుని చేస్తాడులే అని వదిలేయొద్దు. కండక్టివిటీ మీటరుతో నడిచే మూడు దారుల ఆటోమేటిక్ వాల్వ్ పెట్టండి. కరెంటు పోయినా ఎయిర్ పోయినా అది డ్రెయిన్ వైపే తిరిగేలా ఎంచుకోండి.

ఆ మీటరు సెట్ పాయింట్ ఎంత ఉండాలి? శుభ్రమైన కండెన్సేట్ సాధారణంగా 10 నుంచి 30 మైక్రోసీమెన్స్ మధ్య ఉంటుంది. ఒక వారం మీటరు రీడింగులు చూసి, మీ మామూలు అంకె తెలుసుకుని, దానికి రెట్టింపు దగ్గర అలారం పెట్టుకోండి. నీళ్లు వేడెక్కే కొద్దీ కండక్టివిటీ డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది కాబట్టి మీటరుకు టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉండాలి, లేకపోతే ఉత్తుత్తి అలారాలతో విసిగి ఎవరో ఒకరు దాన్ని కట్ చేసేస్తారు.

కండక్టివిటీ పట్టుకోలేనివి కూడా ఉన్నాయి. మెథనాల్, టోలీన్, గ్లైకాల్, చక్కెర లాంటివి ఎంత కలిసినా మీటరు ముల్లు పెద్దగా కదలదు. చక్కెర ఫ్యాక్టరీల్లో అందుకే ఆల్ఫా నాఫ్తాల్ పరీక్షతో కండెన్సేట్‌లో చక్కెర జాడ చూస్తారు. మీ ప్లాంటులో అయితే రీబాయిలర్‌లోనో కాయిల్‌లోనో చిల్లు పడితే సాల్వెంట్ కండెన్సేట్‌లోకి వస్తుంది. స్టీమ్ ఆపాక ఆ వైపు వాక్యూమ్ ఏర్పడుతుంది కదా, లీకు లోపలికి లాగేది ఎక్కువగా అప్పుడే. ఆ నీళ్లు చేరేది ఫర్నేస్ పక్కన ఉన్న ట్యాంకుకు, కాబట్టి ఇది నాణ్యత సమస్య మాత్రమే కాదు, మంటల సమస్య కూడా. సాల్వెంట్ వైపు ప్రెషర్ ఎక్కువగా ఉండే ఎక్స్‌ఛేంజర్ల కండెన్సేట్‌ను కలపకండి. కలిపిన వాటి నుంచి క్రమం తప్పకుండా శాంపిల్ తీసి, చల్లార్చి, ల్యాబ్‌లో సీఓడీ (నీళ్లలోని సేంద్రియ కాలుష్యానికి కొలత), వీలైతే గ్యాస్ క్రొమటోగ్రఫీ చూపించండి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసే అలవాటు మాన్పించండి.

ఫర్నేస్ ఆయిల్ ట్యాంకులో హీటింగ్ కాయిల్ ఉంటే దాని కండెన్సేట్ ఎప్పటికీ డ్రెయిన్‌కే. బాయిలర్‌లో నూనె పొర చేరితే ట్యూబ్ కాలిపోతుంది.

ఎవాపరేటర్ విషయంలో పేరు ఒకటే కావడం వల్ల చాలాచోట్ల గందరగోళం జరుగుతుంది. మొదటి ఎఫెక్ట్‌కు (ఎవాపరేటర్‌లో వరసగా ఉండే దశల్లో ఒక్కోదాన్ని ఎఫెక్ట్ అంటారు) మీరు పంపిన బాయిలర్ స్టీమ్ నుంచి వచ్చే కండెన్సేట్ మంచిదే. తర్వాతి ఎఫెక్ట్‌ల నుంచి వచ్చేదాన్ని కూడా కండెన్సేట్ అనే పిలుస్తారు గానీ అది ఎఫ్లుయెంట్ ఆవిరి. అమ్మోనియా, సాల్వెంట్లు అందులో ఉంటాయి. చూడ్డానికి తేటగానే ఉంటుంది. దాన్ని కూలింగ్ టవర్‌కు వాడాలా, ఇంకా శుద్ధి చేయాలా అన్నది వేరే చర్చ. బాయిలర్‌కు మాత్రం వద్దు.

ట్రాప్‌లు సరిచేయకుండా పైపు వేయకండి

ఒక్క ట్రాప్ తెరుచుకుని ఉండిపోయినా లైవ్ స్టీమ్ రిటర్న్ లైన్‌లోకి దూసుకొచ్చి, మిగతా యంత్రాల నీళ్లను బయటికి రానివ్వదు. అవి వేడెక్కవు. ఆపరేటర్ వచ్చి బైపాస్ వాల్వ్ తెరుస్తాడు, లైన్‌లోకి ఇంకా స్టీమ్ వస్తుంది. కొత్త రిటర్న్ లైన్ పనిచేయడం లేదని చెప్పే చోట్ల చాలాసార్లు జరిగేది ఇదే.

ప్రతి యంత్రానికీ దాని ట్రాప్ దానికే ఉండాలి. రెండు డ్రయ్యర్లకు ఒక ట్రాప్ పెట్టి డబ్బు మిగిల్చాలనుకుంటే లోడ్ ఎక్కువున్న డ్రయ్యర్ నీళ్లతో నిండిపోతుంది. డ్రయ్యర్లు, ఎక్స్‌ఛేంజర్లకు బాల్ ఫ్లోట్ ట్రాప్, మెయిన్ లైన్ డ్రిప్ పాయింట్లకు థర్మోడైనమిక్ ట్రాప్ చాలు. టెస్ట్ వాల్వ్ తెరిచి చూసినప్పుడు తెల్లగా, బద్ధకంగా లేచేది ఫ్లాష్ స్టీమ్ (ప్రెషర్ తగ్గగానే కండెన్సేట్‌లోంచి పుట్టే ఆవిరి), అది మామూలే. పైపు మూతి దగ్గర కొన్ని అంగుళాల వరకు ఏమీ కనపడకుండా, బుస్సుమంటూ నీలిరంగు ఛాయలో దూసుకొస్తే లైవ్ స్టీమ్. ఆ ట్రాప్ మార్చండి.

రిటర్న్ లైన్, పంపు

కండెన్సేట్ లైన్ అంటే నీళ్ల పైపే కదా అని అరంగుళం పైపు వేస్తే దెబ్బతింటారు. 7 కేజీల దగ్గర నుంచి వాతావరణ పీడనానికి దిగేసరికి కండెన్సేట్‌లో 13 శాతానికి పైగా మళ్లీ ఆవిరవుతుంది. ఒక కేజీలో సుమారు 134 గ్రాములే. కానీ ఆ ఆవిరికి 220 లీటర్ల జాగా కావాలి, మిగిలిన నీళ్లకు ఒక లీటరు కూడా అక్కర్లేదు. పైపు సైజు నీళ్లను బట్టి కాక ఈ ఆవిరిని బట్టి తీసుకోవాలి, వేగం సెకనుకు 15 మీటర్లు దాటకుండా చూసుకోవాలి. లైన్‌కు పారే వైపు 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల వాలు ఇవ్వండి. బ్రాంచి పైపులు మెయిన్‌కు పైనుంచి కలవాలి. కింద నుంచి కలిపితే వాటర్ హ్యామర్ (ఆవిరి తోసిన నీళ్లు పైపును సమ్మెటలా కొట్టడం) వచ్చి పైపు సపోర్టులు ఊగిపోతాయి.

ట్రాప్ తర్వాత పైపును నేరుగా పైప్ ర్యాక్ ఎక్కించడం అందరూ చేసే పనే. ప్రతి 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక కేజీ ప్రెషర్ పోతుంది. స్థిరంగా 5 కేజీల మీద నడిచే డ్రయ్యర్‌కు ఇబ్బంది ఉండదు. కంట్రోల్ వాల్వ్ ఉన్న ఎక్స్‌ఛేంజర్‌కు మాత్రం కుదరదు. వేడి అవసరం తగ్గగానే వాల్వ్ మూసుకుంటుంది, లోపలి ప్రెషర్ సున్నాకు పడిపోతుంది, నీళ్లు పైకెక్కలేక ఎక్స్‌ఛేంజర్‌లోనే నిలుస్తాయి. వాల్వ్ మళ్లీ తెరుచుకోగానే ధనధన చప్పుడు. ఇలాంటి వాటి ట్రాప్ నుంచి నీళ్లు తమంతట తాముగా కిందికి పారి ఒక రిసీవర్‌లో పడాలి, అక్కడి నుంచి పంపుతో తోలాలి. కరెంటు పంపు చవక, కానీ మరుగుతున్న నీళ్లకు త్వరగా సీల్ పోతుంది. ఎత్తు తక్కువున్న చోట స్టీమ్ ప్రెషర్‌తోనే నీళ్లను నెట్టే పంపు మేలు. దానికి మోటారూ ఉండదు, సీలూ ఉండదు.

హై ప్రెషర్ కండెన్సేట్, లో ప్రెషర్ కండెన్సేట్ ఒకే లైన్‌లో పోయకండి. ముందు హై ప్రెషర్‌దాన్ని ఫ్లాష్ వెసెల్‌లోకి పంపి, అక్కడ వచ్చే స్టీమ్‌ను లో ప్రెషర్ హెడర్‌కు ఇచ్చుకోవచ్చు. లైన్ మొత్తానికి 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్, పైన అల్యూమినియం రేకు. దూరం ఎక్కువైతే ఇన్సులేషన్ లేని లైన్ దారిలోనే చల్లారిపోతుంది.

ఫీడ్ లైన్, స్టీమ్ లైన్లను కదిలించే ముందు బాయిలర్ ఇన్‌స్పెక్షన్ విభాగంతో మాట్లాడండి. 1923 నాటి చట్టం స్థానంలో ఇప్పుడు 2025 బాయిలర్ల చట్టం ఉంది. సర్టిఫికెట్ ఉన్న వెల్డర్, ఆమోదం పొందిన పైపు అన్న నియమాలు మీకు ఎప్పటిలాగే వర్తిస్తాయి.

ఫీడ్ ట్యాంక్

ప్లాస్టిక్ ట్యాంక్ ఉంటే మొదట దాన్ని తీసేయండి, వేడికి మెత్తబడి ఉబ్బిపోతుంది. ఎస్ఎస్ 304 మంచిది. కండెన్సేట్‌ను సాఫ్ట్‌నర్ గుండా పంపకూడదు, నేరుగా ట్యాంకుకే రావాలి. ట్యాంక్ పైనుంచి జలపాతంలా పడితే ఫ్లాష్ అంతా వెంట్‌లో పోతుంది, గాలి కూడా కలుస్తుంది. నీటి మట్టం కింద మునిగి ఉండే చిల్లుల పైపు ద్వారా వదిలితే ఆ ఆవిరి చల్లటి మేకప్ నీళ్లలోనే కరుగుతుంది. షట్‌డౌన్‌లో నీళ్లు వెనక్కి పీల్చుకోకుండా ఆ పైపుకు నీటి మట్టం పైన ఒక చిన్న రంధ్రం ఉంచండి.

మేకప్ ఫ్లోట్ ఎక్కడ ఉందో చూడండి. చాలా ప్లాంట్లలో అది ట్యాంక్ పైభాగంలో ఉంటుంది. ట్యాంక్ ఎప్పుడూ బోరు నీళ్లతో నిండి ఉంటుంది, కండెన్సేట్ వచ్చినప్పుడల్లా ఓవర్‌ఫ్లో అయి డ్రెయిన్‌లో పోతుంది. లక్షలు పెట్టి వేసిన లైన్ లాభం గూబల్లోకి వచ్చేది ఇక్కడే. ఫ్లోట్‌ను సగం కంటే కిందికి దించండి, పైభాగం కండెన్సేట్‌కు ఖాళీగా ఉండాలి.

తర్వాత ఫీడ్ పంపు. వేడి నీళ్లు పీల్చేటప్పుడు పంపు లోపలే ఆవిరి బుడగలు పుట్టి, గులకరాళ్లు తిరుగుతున్నట్టు చప్పుడు చేస్తుంది. దాన్ని ఆపేది ట్యాంక్ ఎత్తే. 90 డిగ్రీల నీటికి విశాఖ లాంటి సముద్ర మట్టం చోట వాతావరణ పీడనం ఇచ్చే దన్ను సుమారు 3.3 మీటర్లు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడ అది 2.6 మీటర్లకు తగ్గుతుంది, నీళ్లు కూడా 98 డిగ్రీలకే మరుగుతాయి. అంటే విశాఖలో చక్కగా నడిచే ట్యాంక్ ఎత్తే హైదరాబాద్‌లో చాలకపోవచ్చు. పంపు తయారీదారు అడిగే ఎన్‌పీఎస్‌హెచ్ (పంపు సక్షన్ దగ్గర ఉండాల్సిన కనీస దన్ను) చూసి, సక్షన్ పైపులో పోయే నష్టం కలిపి, కనీసం ఒక మీటరు మిగిలేలా ట్యాంక్‌ను స్టాండు ఎక్కించండి. సీల్ కూడా హాట్ వాటర్‌కు తగినదే ఉండాలి.

నీటి రసాయనం మారుతుంది

బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు బాయిలర్‌లో విడిపోయి కార్బన్ డై ఆక్సైడ్ పుడుతుంది. అది స్టీమ్‌తో వెళ్లి కండెన్సేట్‌లో కరిగి యాసిడ్ అవుతుంది. పీహెచ్ 6 కిందికి దిగితే పైపు అడుగున గాడి పడినట్టు తినేస్తుంది, ఆ ఇనుమంతా బాయిలర్‌కు చేరుతుంది. కండెన్సేట్ పీహెచ్ 8.5 నుంచి 9 మధ్య ఉండేలా మీ కెమికల్ సప్లయర్‌తో మాట్లాడి మార్ఫొలిన్ లాంటి అమీన్ డోసింగ్ పెట్టండి. స్టీమ్ ఎక్కడైనా నేరుగా సరుకుకు తగులుతుంటే క్వాలిటీ విభాగం ఒప్పుకోకుండా అమీన్ వేయకండి.

ఆక్సిజన్ మాత్రం మీకు కలిసొస్తుంది. 25 డిగ్రీల నీళ్లలో 8 పీపీఎం దాకా ఉండేది, 90 దగ్గర 2 లోపుకు దిగుతుంది. ఒక పాలు ఆక్సిజన్‌కు సుమారు 8 పాళ్ల సోడియం సల్ఫైట్ కావాలి కాబట్టి ఆ ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే పాత డోసింగే కొనసాగిస్తే ఆ రసాయనాలే టీడీఎస్ పెంచుతాయి. బ్లోడౌన్ కూడా అంతే. గంటకోసారి వాల్వ్ తిప్పే అలవాటు పోయి, టీడీఎస్ చూసి తిప్పడం రావాలి. లేకపోతే కాగితం మీద వచ్చిన ఆదా బ్లోడౌన్ పిట్‌లో పోతుంది.

మొదలుపెట్టాక

కొత్త లైన్‌లో తుప్పు, వెల్డింగ్ పొట్టు ఉంటాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా, ఎన్ని రోజులైనా సరే, డ్రెయిన్‌కే వదలండి. తర్వాత ఒక్కో యంత్రాన్ని విడివిడిగా కలపండి, అన్నీ ఒకేసారి కలిపితే తేడా ఎక్కడొచ్చిందో దొరకదు. షిఫ్టుకోసారి కండెన్సేట్ పీహెచ్, కండక్టివిటీ, గట్టిదనం చూడాలి. గట్టిదనానికి ఎరియోక్రోమ్ బ్లాక్ టీ చుక్కలు చాలు. నీలం వస్తే మంచిది, వైన్ ఎరుపు వస్తే ఏదో ఎక్స్‌ఛేంజర్‌లో కూలింగ్ వాటర్ లీకవుతోంది, రిటర్న్ ఆపేయండి. వారానికోసారి ఇనుము, క్లోరైడ్.

మేకప్ లైన్ మీద ఒకటి, ఫీడ్ లైన్ మీద ఒకటి వాటర్ మీటరు పెట్టండి. ఫీడ్‌లోంచి మేకప్ తీసేసి ఫీడ్‌తో భాగిస్తే మీ రిటర్న్ శాతం వస్తుంది, దాన్ని రోజూ బాయిలర్ లాగ్ బుక్‌లో రాయించండి. ఉత్పత్తి మారకుండా ఆ శాతం పడిపోతే ఈ వరసలో వెతకండి: ఫీడ్ ట్యాంక్ ఓవర్‌ఫ్లో, డ్రెయిన్ వైపు ఇరుక్కుపోయిన ఆటోమేటిక్ వాల్వ్, ఆగిపోయిన రిసీవర్ పంపు, యంత్రం త్వరగా వేడెక్కాలని ఎవరో తెరిచి మరిచిపోయిన డ్రెయిన్ వాల్వులు. చివరిది రాత్రి షిఫ్టులో ఎక్కువ.